పర్లాకిమిడి విద్యార్థిని సర్వే: నింపి చూశాక నా అభిప్రాయం

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు అందులో చేరిన మా పర్లాకిమిడిలో, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివే పిల్లల గురించి పదో తరగతి విద్యార్థిని ఒకరు తన ప్రాజెక్టు కోసం తయారు చేసిన సర్వేను నిన్న ఫోనులో నింపాను. 12 ప్రశ్నలకు 6 నిమిషాలు పట్టింది. పేరు, నంబరు అడగలేదు కనుక సంకోచించవలసిన పని లేదు. "అమ్మమ్మకు ఉత్తరం ఏ లిపిలో రాస్తారు?" అన్న ప్రశ్న దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. మా అబ్బాయి తెలుగు మాటలను ఒడియా అక్షరాలలో రాస్తాడని అప్పుడే గుర్తుకు వచ్చింది. అటువంటి జవాబుకు చోటు లేకపోవడం లోపమే. చివరి ఖాళీ గడిలో ఆ సంగతి రాశాను. నలుగురైదుగురి జవాబులతో ఏ లెక్కా నిలబడదు కనుక, ఆదివారంలోపు మీరూ, మీ ఇంటి పెద్దవారూ విడివిడిగా నింపండి.