నాలుగేళ్లుగా సోలర్: మా లైబ్రరీ పుస్తకాల్లో వెతకడానికి

అమలాపురం దగ్గర మా ఊరి లైబ్రరీలో పాత పుస్తకాలు, పత్రికలు స్కాన్ చేసి, ఓసీఆర్‌తో టెక్స్ట్‌గా మార్చి పెట్టుకున్నాం. వాటిలో వెతకడానికి 2022లో అపాచీ సోలర్ 9 అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్ వేశాను. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్, పైన డెబియన్ లినక్స్. ఇప్పటికీ అదే నడుస్తోంది.

వేయడం తేలికే. జావా ఉండాలి, కనీసం 11. సోలర్‌తో పాటే వచ్చే ఇన్‌స్టాల్ స్క్రిప్టు నడిపితే సర్వీసు తయారైపోతుంది, 8983 పోర్టులో అడ్మిన్ పేజీ తెరుచుకుంటుంది. పక్క కంప్యూటర్ నుంచి మాత్రం తెరుచుకోలేదు. ఫైర్‌వాల్ అనుకుని ఒక పూటంతా వెతికాను. తీరా చూస్తే, 9వ వెర్షన్ నుంచి సోలర్ మామూలుగా తను ఉన్న మెషిన్‌కి తప్ప ఎవరికీ పలకదు. అది మంచి పద్ధతే. నేను దాన్ని అలాగే ఉంచి, పక్క కంప్యూటర్ల ప్రశ్నలు అందుకుని సోలర్‌కి చేరవేసే వెబ్ సర్వర్ ఇంజిన్‌ఎక్స్‌ని దాని ముందు పెట్టాను. హీప్, అంటే సోలర్ తన పనికి వాడుకునే ర్యామ్, మొదట 512 ఎంబీ ఉంటుంది, 2 జీబీ చేశాను. అంతకు మించి ఇవ్వకండి. మిగతా ర్యామ్‌లో లినక్స్ ఇండెక్స్ ఫైళ్లను (ఏ మాట ఏ పుస్తకంలో ఉందో చెప్పే సూచిక) దగ్గర పెట్టుకుంటుంది, వేగమంతా అక్కడే.

అసలు కష్టం తెలుగుతో వచ్చింది. ఒక మాస్టారు వచ్చి "కాటన్" అని కొట్టారు. ఆనకట్ట మీద రాసిన వ్యాసం ఒక్కటీ రాలేదు. "పత్రిక నా చేతిలోనే ఉందండీ, లేదంటుందేంటండీ ఇది?" అన్నారు. నిజమే, స్క్రీన్ మీద రెండు "కాటన్"లూ ఒకేలా ఉన్నాయి. అడ్మిన్‌లోని అనాలిసిస్ పేజీలో రెండిటినీ పక్కపక్కన పెట్టి బైట్లు (అక్షరాలను కంప్యూటర్ దాచుకునే సంకేతాలు) చూస్తే, ఒకదాని చివర ఈ2 80 8సీ అని మూడు ఎక్కువున్నాయి. పొల్లు తర్వాత వచ్చే కనబడని అక్షరం, జీరో విడ్త్ నాన్ జాయినర్. ఒక అక్షరాన్ని మార్చడానికో తీసేయడానికో వాడే మ్యాపింగ్ క్యారెక్టర్ ఫిల్టర్‌తో దాన్ని ఇండెక్స్ వైపూ ప్రశ్న వైపూ తీసేసి, మొత్తం మళ్లీ ఇండెక్స్ చేశాను. ఆ ఒక్క మార్పుతో వచ్చిన తేడా ఇంకే సెట్టింగుతోనూ రాలేదు.

విభక్తుల సంగతి చూడటానికి సోలర్ 9లో తెలుగు స్టెమ్ ఫిల్టర్ ఉంది, మాట చివరి ప్రత్యయాలు తీసి మూలం మిగులుస్తుంది. బాగానే ఉపయోగపడుతుంది కానీ దాని మీదే ఆధారపడలేం. ఇంకో జాగ్రత్త: ఫీల్డు (పేరు, సంచిక లాంటి ఒక్కో వివరం) అంకెనా మాటనా అన్నది సోలర్‌ని ఊహించనివ్వకండి. మొదటి పత్రికకి సంచిక "12" అని ఉంటే అది అంకె అనుకుంది, తర్వాత "12-13" అని జంట సంచిక రాగానే ఎర్రర్ ఇచ్చి ఆగింది. ఏ ఫీల్డు ఏ రకమో చెప్పే స్కీమా మీరే రాసుకోండి.

వానాకాలంలో ఇక్కడ కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. సగంలో ఆగిపోయినా, సోలర్ లేవగానే తనకు అందినవి రాసుకునే ట్రాన్సాక్షన్ లాగ్ చూసుకుని, ఇండెక్స్‌లో చేరనివాటిని చాలావరకు తనే ఎక్కించుకుంటుంది. మా దగ్గర ఇండెక్స్ ఒక్కసారి కూడా పాడవలేదు.

ఇప్పుడు కౌంటర్ మీద ఒక నోట్‌బుక్ ఉంది. దొరకని మాట ఎవరికి వారే అందులో రాస్తారు. రాజమండ్రి, రాజమహేంద్రవరం, ఆనకట్ట, బ్యారేజి, కాలువ, కాల్వ. ఆదివారం కూర్చుని వాటిని పర్యాయపదాల ఫైల్లో ఎక్కిస్తాను. ఆ ఫైల్ ప్రశ్న వైపే పెట్టాను కాబట్టి మళ్లీ ఇండెక్స్ చేయక్కర్లేదు, కోర్ (సోలర్‌లో ఈ ఇండెక్స్, దాని సెట్టింగులు ఉండే భాగం) రీలోడ్ చేస్తే చాలు.