లినక్స్‌కి సరిపడే మ్యూజిక్ ప్లేయర్: కౌంటర్ మీదే తేల్చుకోవాల్సిన సంగతులు

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీకి వెళ్లినా, ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో అడిగినా, కోఠి గుజరాతీ గల్లీలో బేరమాడినా ప్లేయర్ గురించి వినిపించే మాట ఒక్కటే: “అన్నిటికీ పనిచేస్తది సార్.” ఆ ‘అన్నిటి’లో, విండోస్‌కి బదులు కొందరు కంప్యూటర్లో వాడే లినక్స్ ఉండదు. అందుకే ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని వెళ్లండి. “అన్నా, ఒక్కసారి పెట్టి చూసుకుంటా” అంటే చాలామంది సరేనంటారు. వద్దంటే పక్కనే ఇంకో షాపు.

చూడాల్సింది ఒక్క నిమిషం పని. ప్లేయర్‌ని కేబుల్‌తో కలిపి, టెర్మినల్లో (కమాండ్లు టైపు చేసే కిటికీలో) ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌కి హైఫన్ టీ తగిలించి నొక్కండి. ఆ పరికరం ఉన్న వరుసలో ‘మాస్ స్టోరేజ్’ అనీ, డ్రైవర్ దగ్గర ‘యూఎస్‌బీ స్టోరేజ్’ అనీ వస్తే అది మీ కంప్యూటర్‌కి మామూలు పెన్ డ్రైవ్. ఇంకేమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ‘ఇమేజింగ్’ అనో ‘వెండర్ స్పెసిఫిక్’ అనో వస్తే చాలావరకు ఎంటీపీ (దాని సంగతి కింద చెప్తాం). ‘ఆడియో’ అని మాత్రమే వస్తే ప్లేయర్ డాక్ మోడ్‌లో, అంటే కంప్యూటర్‌కి సౌండ్ కార్డుగా, ఉందన్నమాట; సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ మోడ్‌ని స్టోరేజ్‌కి మార్చి మళ్లీ పెట్టండి. అసలేమీ రాకపోతే ముందు కేబుల్‌ని అనుమానించండి. డబ్బాలో ఇచ్చే సన్నటి కేబుళ్లలో కొన్నిటికి ఛార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు.

డబ్బా మీది డాక్ చిప్ (డిజిటల్ పాటని ధ్వనిగా మార్చే చిప్) పేరుకన్నా ఈ ఒక్క వరుసకే మేం ఎక్కువ మార్కులేస్తాం. రెండు మంచి ప్లేయర్ల ధ్వనిలో తేడా మెట్రో రొదలో వినిపించదు. పాటలు ఎక్కించడంలో తేడా మాత్రం వారం వారం విసిగిస్తుంది.

ఎంటీపీ మైక్రోసాఫ్ట్ తెచ్చిన పద్ధతి. ఇందులో కంప్యూటర్‌కి డిస్కు కనిపించదు. ఫైల్ పంపు, ఫైల్ ఇవ్వు, ఫైల్ తీసెయ్ అని ప్లేయర్‌ని అడగడం వరకే వీలవుతుంది. ఒక్కసారికి ఒక్క పనే. ప్లేయర్‌లో ఉన్న పాట ట్యాగును (ఫైల్‌లోనే రాసి ఉండే పాట, ఆల్బం పేర్లను) అక్కడికక్కడే దిద్దలేం, మొత్తం ఫైల్ మళ్లీ పంపాలి. లినక్స్‌లో లిబ్‌ఎంటీపీ అనే సాఫ్ట్‌వేర్ ఈ పని చేస్తుంది, బాగానే చేస్తుంది కూడా. కానీ ఫైల్ మేనేజర్ ఆ ప్లేయర్‌ని ముందే పట్టుకుని ఉంటే టెర్మినల్ పనిముట్లకు ‘బిజీ’ అనే జవాబు వస్తుంది. ఫైల్ మేనేజర్‌లో అన్‌మౌంట్ చేసి (దాని పట్టు వదిలించి) మళ్లీ ప్రయత్నించాలి. వేల పాటలు ఒకేసారి పంపితే మధ్యలో తెగిపోవడం మామూలే, అందుకని ఆల్బం ఆల్బంగా పంపడం మేలు.

ఆండ్రాయిడ్ ప్లేయర్లన్నీ ఈ బాపతే. సోనీ వాక్‌మన్ ఎన్‌డబ్ల్యూ-ఏ306 చేతిలో బాగుంటుంది, తెలుగు అక్షరాలు శుభ్రంగా చూపిస్తుంది, లోపల 32 జీబీ ఉంటుంది. అయినా లినక్స్ మనిషి దాన్ని కేబుల్‌తో వాడకూడదు. మైక్రో ఎస్‌డీ కార్డు బయటికి తీసి, కార్డ్ రీడర్‌లో పెట్టి పాటలు నింపి, మళ్లీ లోపలికి తోయాలి. కార్డు స్లాటు ఉన్న ఏ ప్లేయర్‌కైనా ఈ ఉపాయం చెల్లుతుంది. స్లాటు లేని ఎంటీపీ ప్లేయర్ ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

కొత్తవాటిలో మా ఓటు ఆండ్రాయిడ్ లేని చిన్న ప్లేయర్లకే. హైబీ ఆర్1, షాన్‌లింగ్ ఎం0 రెండూ కార్డు మీదే నడుస్తాయి, స్టోరేజ్ మోడ్‌లో పెన్ డ్రైవ్‌లా తెరుచుకుంటాయి. డాక్ మోడ్‌లో పెడితే లినక్స్ కెర్నెల్‌లోని (దాని గుండెకాయలోని) యూఎస్‌బీ ఆడియో డ్రైవరే వాటిని గుర్తుపడుతుంది, ల్యాప్‌టాప్‌కి సౌండ్ కార్డుగా పనికొస్తాయి. షాన్‌లింగ్ మరీ చిన్నది, లావు వేళ్లవాళ్లకి దాని తెర మీద ఆల్బం ఎంచుకోవడం పరీక్షే. స్నోస్కై ఎకో మినీ పాత క్యాసెట్ ప్లేయర్ రూపంలో వస్తుంది. లోపల 8 జీబీ, కార్డు 256 జీబీ దాకా, 3.5 మిల్లీమీటర్ల ఇయర్‌ఫోన్ రంధ్రంతో పాటు 4.4 బ్యాలెన్స్‌డ్ (కుడి ఎడమలకు విడివిడి తీగలుండే) రంధ్రం కూడా. మీటలున్నాయి కాబట్టి జేబులోంచి తీయకుండానే పాట మార్చుకోవచ్చు. బస్సులో నిలబడి ప్రయాణించేవాళ్లకి టచ్ తెరకన్నా ఇదే నయం.

సెకండ్ హ్యాండ్‌లో రెండు రకాలు తగులుతాయి. శాన్‌డిస్క్ క్లిప్ ప్లస్, క్లిప్ జిప్ ఇప్పుడు తయారీలో లేవు. మంచి స్థితిలో దొరికితే వదలొద్దు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ మోడ్ ఉంటుంది. ‘ఆటో’ నుంచి ‘ఎంఎస్‌సీ’కి, అంటే మాస్ స్టోరేజ్‌కి, మార్చాలి. ఆటోలో ఉంచితే ఎంటీపీకే మొగ్గుతుంది. ఒక మోడ్‌లో ఎక్కించిన పాటలు ఇంకో మోడ్‌లో కనిపించవు, కాబట్టి పాతాయన పాటలు చెరిపినా జాగా ఖాళీ కాలేదనిపిస్తే రెండో మోడ్‌లో వెతకండి.

రెండోది ఐపాడ్. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఐపాడ్ డిస్కులా తెరుచుకుంటుంది, పాటలు కాపీ అవుతాయి, కానీ ప్లేయర్ మెనూలో ఒక్కటీ కనిపించదు. ఆపిల్ ఫర్మ్‌వేర్ (ప్లేయర్‌ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) ఫోల్డర్లు చూడదు, తన డేటాబేస్ ఒక్కటే చూస్తుంది. లినక్స్‌లోని లిబ్‌జీపాడ్ అనే సాఫ్ట్‌వేర్ ఆ డేటాబేస్ రాయగలదు, రిథమ్‌బాక్స్ అనే పాటల యాప్ దాన్నే వాడుకుంటుంది. 2007లో వచ్చిన క్లాసిక్ నుంచి ఆ డేటాబేస్‌కి ఒక సంతకం కూడా కావాలి. అది ఆ ఐపాడ్ సొంత గుర్తింపు సంఖ్య నుంచి పుడుతుంది. లిబ్‌జీపాడ్‌తో వచ్చే చిన్న పనిముట్టుతో ఆ సంఖ్య చదివించకపోతే ఐపాడ్ ‘పాటలు లేవు’ అంటుంది. మ్యాక్‌తో వాడిన ఐపాడ్ అయితే ఇంకో చిక్కు: దాని ఫైల్ సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్లు అమర్చే పద్ధతి) హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్. జర్నలింగ్ (మార్పుల చిట్టా) ఉన్న హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్‌ని లినక్స్ చదువుతుంది గానీ దాని మీద రాయదు. కొనే ముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌కి హైఫన్ ఎఫ్ పెట్టి ‘వీఫ్యాట్’ అని వస్తోందో లేదో చూడండి. ఐపాడ్ టచ్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

ఈ గొడవలన్నిటికీ ఒక్క మందు రాక్‌బాక్స్. 2001లో ఆర్కోస్ ప్లేయర్ల కోసం మొదలైన ఈ స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ క్లిప్ ప్లస్, క్లిప్ జిప్, ఐపాడ్ వీడియో, ఐపాడ్ క్లాసిక్, ఫియో ఎం3కే, ఎక్స్‌డువో ఎక్స్3 లాంటి వాటి మీద నడుస్తుంది. రాక్‌బాక్స్ యుటిలిటీ లినక్స్‌లోనూ ఉంది. ప్లేయర్‌ని డిస్క్ మోడ్‌లో పెట్టి, మోడల్ ఎంచుకుని, ఇన్‌స్టాల్ నొక్కితే చాలావాటికి బూట్‌లోడర్ (ఆన్ చేయగానే ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్) కూడా అదే వేస్తుంది. క్లిప్ ప్లస్‌లో పాత ఫర్మ్‌వేర్ చెరిగిపోదు, ఎడమ మీట నొక్కిపట్టి ఆన్ చేస్తే అదే వస్తుంది. ఫోల్డర్ల వారీగా వినొచ్చు. ఎఫ్‌ఎల్‌ఏసీ, ఓగ్, ఓపస్ ఫార్మాట్ల పాటలన్నీ పలుకుతాయి. గంటన్నర ప్రవచనం వినేవాళ్లకి అసలు వరం బుక్‌మార్కు: ఆపిన చోటునుంచే మళ్లీ మొదలవుతుంది. ప్రవచనం ఫైల్‌లో ముందుకు జరిపితే ఎక్కడికో దూకుతోందంటే ఆ ఎంపీ3లో పొడవు చెప్పే హెడర్ లేదని అర్థం. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే పనిముట్టుతో ఆడియోని మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా కాపీ చేయిస్తే కొత్త ఫైల్‌కి హెడర్ వస్తుంది.

రాక్‌బాక్స్‌లో ఒక లోటు తెలుగువాళ్లకు గట్టిగానే తగులుతుంది. తెలుగు ఫాంటు వేసినా గుణింతాలు, ఒత్తులు కలిసి కూర్చోవు. ‘కృష్ణ’ అన్న మాట ముక్కలై పడి ఉంటుంది. ఫాంటే లేకపోతే అదీ ఉండదు. హైదరాబాద్‌లోనే ఉన్న స్వేచ్ఛ సంస్థ లినక్స్ డెస్క్‌టాప్‌ని తెలుగులోకి తెచ్చింది, కానీ గోరంత తెర మీద ఆ అక్షరాలు కూర్చే యంత్రాంగం ఈ ఫర్మ్‌వేర్‌లో లేదు. కాబట్టి ఇంట్లోని అసలు పాటలకు తెలుగు ట్యాగులు అలాగే ఉంచి, ప్లేయర్‌కి పంపే నకళ్లకు మాత్రం ట్యాగులు దిద్దే కిడ్3తోనో పికార్డ్‌తోనో ఇంగ్లిష్ అక్షరాల్లో పేర్లు పెట్టండి. పనిలో పనిగా ఐడీ3 (ఎంపీ3లో ట్యాగులు రాసే పద్ధతి) వెర్షన్ 2.3 ఎంచుకోండి. చవక ప్లేయర్లు 2.4ని చాలాసార్లు తప్పుగా చదువుతాయి. ఆల్బం బొమ్మ రాకపోతే అది ప్రోగ్రెసివ్ జేపెగ్ కావచ్చు. బేస్‌లైన్ జేపెగ్‌గా సేవ్ చేస్తే రాక్‌బాక్స్‌లో కనిపిస్తుంది.

ఇక కార్డు సంగతి. ఎక్కడ కొన్నా కార్డుని ముందు ఎఫ్3 పనిముట్లతో పరీక్షించండి. ఎఫ్3రైట్ కార్డు నిండా 1 జీబీ ఫైళ్లు రాస్తుంది, ఎఫ్3రీడ్ వాటిని తిరిగి చదివి పోలుస్తుంది. నకిలీ కార్డు 256 జీబీ అని చెప్పుకుంటూ లోపల ఇంకెంతో తక్కువ ఉంటుంది. ఆ హద్దు దాటాక రాసినవి పాడవుతాయి, కాపీ చేసేటప్పుడు మాత్రం ఏ తప్పూ చూపించదు. పెద్ద కార్డుకి ఈ పరీక్ష గంటలు పడుతుంది. రాత్రి పెట్టి పడుకుంటే సరి. వాపసు గడువు దాటకముందే చేయాలి.

64 జీబీ, అంతకు మించిన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌తో వస్తాయి. లినక్స్‌కి అది సమస్య కాదు, కెర్నెల్ 5.7 నుంచి శామ్‌సంగ్ రాసిన డ్రైవర్ అందులోనే ఉంది. సమస్య ప్లేయర్‌ది. క్లిప్, ఐపాడ్ లాంటి వాటి మీద రాక్‌బాక్స్‌కి ఫ్యాట్32 కావాలి. విండోస్ మెనూ 32 జీబీ దాటిన కార్డుకి చాలాకాలం ఫ్యాట్32 ఇవ్వలేదు. లినక్స్‌లో ఆ హద్దు లేదు. గ్నోమ్ డిస్క్స్ అనే యాప్‌లో ఫార్మాట్ పార్టిషన్‌కి వెళ్లి ‘ఫ్యాట్’ ఎంచుకుంటే చాలు. టెర్మినల్లో చేస్తే డిస్కు పేరు రెండుసార్లు చూసుకోండి. ఒక్క అక్షరం తప్పితే ల్యాప్‌టాప్ డిస్కే తుడిచిపెట్టుకుపోతుంది.

పాటలు ఎక్కించడానికి ఆర్‌సింక్‌ని (మారిన ఫైళ్లనే కాపీ చేసే కమాండ్‌ని) మించింది లేదు, కానీ అందరూ అలవాటుగా వాడే ‘ఏ’ ఆప్షన్ ఇక్కడ పనికిరాదు. ఫ్యాట్‌లో యజమాని, అనుమతులు అనేవి ఉండవు కాబట్టి తప్పుల వరద వస్తుంది. ఆర్, టీ, వీ మూడే చాలు. ఫ్యాట్ సమయాన్ని రెండు సెకన్ల మెట్టుతో రాసుకుంటుంది. మాడిఫై విండో ఆప్షన్‌ని (ఎన్ని సెకన్ల తేడాని వదిలేయాలో చెప్పేదాన్ని) 1గా పెట్టకపోతే మారని పాటలు కూడా మళ్లీ మళ్లీ కాపీ అవుతుంటాయి. డిలీట్ ఆప్షన్ వాడేట్టయితే కార్డు మూలానికి కాకుండా మ్యూజిక్ ఫోల్డర్‌కే సింక్ చేయండి, లేదంటే రాక్‌బాక్స్ ఫోల్డర్ కూడా మాయమవుతుంది. పేరులో ప్రశ్నార్థకం, కోలన్, నక్షత్రం గుర్తులున్న పాటలు ఫ్యాట్ మీద రాయబడవు. పికార్డ్‌లో విండోస్‌కి అనుకూలమైన పేర్లు అనే ఆప్షన్ ఆన్ చేస్తే వాటంతటవే మారతాయి.

శతక పద్యాలో, భాగాలుగా ఉన్న పురాణమో వరుస తప్పి వినిపిస్తే కారణాలు రెండు. ఫైళ్లకి 1, 2, 10 అని పేర్లుంటే 1 తరువాత 10 వస్తుంది. 01, 02 అని పెట్టండి. అప్పటికీ తప్పుతోందంటే ఆ ప్లేయర్ పేరుని చూడట్లేదు, కార్డు మీద రాసిన క్రమాన్ని చూస్తోంది. కార్డుని అన్‌మౌంట్ చేసి, ఆ క్రమాన్ని సరిచేసే ఫ్యాట్‌సార్ట్ నడిపితే కుదురుకుంటుంది.

కాపీ పట్టీ నిండగానే కేబుల్ లాగొద్దు. లినక్స్ చాలా భాగాన్ని మెమరీలో పెట్టుకుని తరువాత తీరిగ్గా రాస్తుంది. టెర్మినల్లో సింక్ అని కొట్టి ప్రాంప్ట్ తిరిగొచ్చేదాకా ఆగి, ఎజెక్ట్ చేసి తీయండి. తొందరపడి లాగేస్తే మరుసటిసారి కార్డు రీడ్ ఓన్లీగా తెరుచుకోవచ్చు. అప్పుడు అన్‌మౌంట్ చేసి ఎఫ్‌ఎస్‌సీకే వీఫ్యాట్‌కి హైఫన్ ఏ ఇచ్చి నడిపిస్తే చాలాసార్లు బాగవుతుంది.

చివరిగా ఛార్జింగ్. టైప్ సీ రంధ్రం ఉన్న చవక ప్లేయర్లలో కొన్ని, రెండు వైపులా సీ ఉన్న కేబుల్‌తో ఛార్జ్ కావు. ఆ రంధ్రంలో ఉండాల్సిన చిన్న రెసిస్టర్లు వేయకుండా మిగుల్చుకున్నారన్నమాట. పాత పెద్ద యూఎస్‌బీ ఒక వైపు, సీ ఇంకో వైపు ఉన్న కేబుల్ వాడితే ఎక్కుతుంది. దీన్ని కూడా ఆ కౌంటర్ మీదే, డబ్బులు ఇచ్చేముందే చూసుకోండి.