ఓర్వియెతోనా, సియెనానా, సాన్ జిమిన్యానోనా? చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఏది మేలు?

యూరప్‌లో ఉండే తెలుగు కుటుంబాల నుంచి, అందులోనూ వేసవిలో ఇండియా నుంచి అమ్మమ్మా తాతయ్యా వచ్చినప్పుడు, నాకు మాటిమాటికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. ఇటలీ వెళ్తే రోమ్, ఫ్లోరెన్స్ ఎలాగూ చూస్తారు. ఆ రెంటి మధ్య కొండ మీద పాత ఊరు ఒకటైనా చూడాలని ఉంటుంది. చంటిదాన్ని ఎత్తుకుని, నాలుగేళ్ళవాణ్ణి నడిపించుకుంటూ ఎక్కడికి వెళ్ళాలి?

చాలామంది ఏ ఊళ్ళో ఏం చూడొచ్చన్న దాన్నిబట్టి తేల్చుకుంటారు. పిల్లలు వెంట ఉంటే నేను చూసేది వేరు. కింద నుంచి పైకి ఎలా చేరతాం, చేరాక నేల ఎలా ఉంటుంది అన్నదే మొదట చూస్తాను. ఈ ఊళ్ళని కొండల మీద కట్టుకున్నదే శత్రువు తేలిగ్గా ఎక్కి రాకూడదని. ఆ ఎత్తుని మోకాళ్ళ నొప్పులున్న తాతయ్యా, స్ట్రోలర్ తోసే అమ్మా ఎలా దాటతారో ముందు తేలాలి. చర్చిలూ చిత్రాలూ ఆ తర్వాత.

ఆ లెక్కన నా ఓటు ఓర్వియెతోకి. రోమ్ నుంచి మామూలు రీజనల్ రైల్లో గంటా గంటన్నర. స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా ఫునిక్యులర్ ఉంటుంది, అంటే తాడుతో కొండ పైకి లాగే రైలు పెట్టె. 1888లో మొదలైనప్పుడు నీటి బరువుతో నడిచేది, 1990 నుంచి కరెంటుతో నడుస్తోంది. సొరంగంలోంచి దూరి, చెట్ల మధ్యనుంచి కొద్ది నిమిషాల్లో పైన దింపేస్తుంది. మనకిది కొండెక్కే సాధనం, పిల్లలకి మాత్రం ఇదే పెద్ద ఆట. దిగగానే మళ్ళీ ఎక్కుదామంటారు. కారులో వచ్చినా అంతే. స్టేషన్ దగ్గర కారు పెట్టి ఇదే ఎక్కొచ్చు. పాత ఊళ్ళలోకి బయటి కార్లు రాకుండా కెమెరాలు పెట్టి జరిమానాలు వేసే జెడ్‌టీఎల్ బాధ ఉండదు.

పైకొచ్చాక ఊరు దాదాపు చదును. అగ్నిపర్వతపు బూడిద గట్టిపడ్డ టఫ్ రాయి దిబ్బ మీద బల్లపరుపుగా ఉన్న ఊరిది. రాతి పలకల మీద స్ట్రోలర్ కాస్త గడగడలాడుతుంది గానీ ఆపి ఎత్తాల్సిన మెట్లు తక్కువ. ఫునిక్యులర్ దిగిన చోటే పాత కోట తోట ఉంది, పరిగెత్తడానికి బోలెడు చోటు. చుట్టూ లోయ కాబట్టి గోడల వైపు మాత్రం పిల్లల చెయ్యి వదలకండి. కతెద్రాల్, అంటే ఊరి పెద్ద చర్చి, అక్కణ్ణుంచి కొంచెం దూరం. నడవలేనివాళ్ళకి చిన్న బస్సుంది.

పిల్లల కోసమే కట్టారా అనిపించేది అక్కడి బావి, పొట్సో ది సాన్ పత్రీట్సియో. 1527లో రోమ్‌ని సైన్యాలు దోచుకున్నప్పుడు పోప్ ఏడో క్లెమెంట్ పారిపోయి ఓర్వియెతో చేరాడు. ముట్టడి వస్తే ఊళ్ళో నీళ్ళు ఉండాలని వాస్తుశిల్పి ఆంతోనియో దా సాంగాల్లో చేత ఈ బావి తవ్వించాడు. లోతు యాభై మీటర్ల పైనే. గొప్పంతా మెట్లలో ఉంది. బావి చుట్టూ రెండు మెట్ల దారులు ఒకదాని మీదొకటి మెలికలుగా దిగుతాయి, ఒక్కొక్కదానికి 248 మెట్లు. నీళ్ళు మోసే గాడిదలు ఒక దారిన దిగి, అడుగున చిన్న వంతెన దాటి, రెండో దారిన ఎక్కేవి. ఎదురుపడే ప్రశ్నే లేదు. లోపలి గోడకి 70 కిటికీలున్నాయి. వాటిలోంచి చూస్తే అవతలి దారిలో ఎక్కుతున్నవాళ్ళు కనిపిస్తారు. నాన్నా పెద్దవాడూ ముందు దిగి ఎక్కడం మొదలుపెడితే, వెనక దిగుతున్న అమ్మ చంకలోని చంటిది కిటికీలోంచి వాళ్ళకి చెయ్యి ఊపుతుంది. ఈ ఆట సగంలో ఆపడం కష్టం. గాడిదల కోసం కట్టినవి కాబట్టి మెట్లు వెడల్పు, ఎత్తు తక్కువ. కాకపోతే దిగిన మెట్లన్నీ ఎక్కాలి, స్ట్రోలర్ లోపలికి పోదు. మూడేళ్ళ లోపు పిల్లలుంటే బేబీ క్యారియర్ తప్పనిసరి. లోపల చల్లగా తేమగా ఉంటుంది, పైన తొడగడానికి పొడుగు చేతుల చొక్కా ఒకటి పట్టుకెళ్ళండి.

1290లో మొదలైన కతెద్రాల్ గోడలకి తెల్లవీ నల్లవీ చారలు. ముందువైపు ద్వారాల పక్క స్తంభాల మీద ఆదాము, హవ్వ, పాము కథంతా చెక్కి ఉంది. పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకుని చూపిస్తూ కథ చెబితే అరగంట ఇట్టే గడిచిపోతుంది.

సియెన విషయానికొస్తే, పిల్లలకి ఆరేళ్ళు దాటాయంటే నేనూ కాసేపు ఆలోచిస్తాను. ఆ ఊరు 17 కొంత్రాదాలుగా, అంటే పేటలుగా, విడిపోయి ఉంది. వాటిలో చాలా పేటలకి జంతువులే గుర్తులు. నత్త, పెద్దబాతు, తాబేలు, జిరాఫీ, గొంగళిపురుగు, ముళ్ళపంది, గుడ్లగూబ. వీధి మలుపుల్లో గోడల మీద ఆ గుర్తులు అతికించి ఉంటాయి. ఇప్పుడు మనం ఎవరి పేటలో ఉన్నామో కనిపెట్టమని పిల్లలకి పని పెడితే కాళ్ళ నొప్పుల మాటే ఎత్తరు. గవ్వ ఆకారంలో వాలుగా ఉండే పియాట్సా దెల్ కాంపో అనే నడిఊరి చౌకులో ఇటుక నేల మీద కూర్చుని, పిల్లల్ని వదిలేసి, ఊపిరి పీల్చుకోవచ్చు.

అయితే సియెనలో వీధులు నిజంగా నిటారు. రైల్వే స్టేషన్ నుంచి పైకి వరుసగా ఎస్కలేటర్లు ఉన్నాయి, కానీ అవి దిగాక కాంపో దాకా చాలా నడక. స్ట్రోలర్‌తో అయితే ఫ్లోరెన్స్ నుంచి బస్సే నయం, ఊరికి దగ్గరగా దింపుతుంది. జూలై 2, ఆగస్టు 16 తేదీల్లో పాలియో గుర్రప్పందెం. ఆ రెండు రోజులు పసిపిల్లల్ని కాంపో మధ్యలోకి తీసుకెళ్ళొద్దు. నిలబడే చోటంతా జనం నిండిపోయి గంటలకొద్దీ బయటికి రావడం కుదరదు, లోపల టాయిలెట్లు ఉండవు.

సాన్ జిమిన్యానో ఫోటోల్లో అందరికీ నచ్చుతుంది. ఒకప్పటి 72 బురుజుల్లో 14 మిగిలాయి, దూరం నుంచి ఆ వరస చూసి తీరాల్సిందే. కానీ రైలు లేదు, పోజ్జిబోన్సీలో బస్సు మారాలి, పగలంతా టూరిస్టు గుంపులు. కారుంటే పొద్దున్నే వెళ్ళి ఐస్‌క్రీమ్ తిని వచ్చేయండి, చాలు. ఇలాంటి కొండ ఊళ్ళు ఇంకా రెండున్నాయి. పెరూజాలో మినీమెట్రో అనే చిన్న రైలు, కోట లోపల ఎస్కలేటర్లు ఉన్నాయి కాబట్టి ఎక్కడం తేలికే, కానీ అది పెద్ద పట్నం. చీవితా ది బాన్యోరేజోకి ఎత్తు మీదికి పోయే పొడుగాటి కాలివంతెన ఒకటే దారి, ఎండాకాలం పసిపిల్లలతో వద్దు.

ఏ ఊరు ఎంచుకున్నా ఒక రాత్రి ఉండేలా చూసుకోండి. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే చాలా దుకాణాలు నాలుగింటి దాకా మూసేస్తారు, ఎండ కూడా అప్పుడే ఎక్కువ. గది ఉంటే ఆ వేళకి పిల్లలు పడుకుని లేస్తారు. రాత్రి భోజనం ఏడున్నర ముందు చాలాచోట్ల దొరకదు కాబట్టి సాయంత్రం బేకరీలో పిట్సా ముక్కలు కొని పిల్లలకి పెట్టేయండి. రెస్టారెంట్‌లో మెనూలో లేకపోయినా 'పాస్తా ఇన్ బియాంకో' అడిగితే వెన్నో ఆలివ్ నూనో వేసి ఉత్త పాస్తా ఇస్తారు. పిల్లలకి అది పెరుగన్నమంత సులువుగా దిగుతుంది. దాని మీద పర్మెజాన్ చల్లుతారు. అసలు పర్మెజాన్ తయారీలో పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. శాకాహారం పట్టింపున్న పెద్దవాళ్ళు వెంట ఉంటే 'సెన్త్సా ఫొర్మాజ్జో', అంటే చీజ్ వద్దు అని, ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పేయండి.