పద్నాలుగు నెలలు, రెండు రకాల సీసాలు: మా పాప విటమిన్ డి చుక్కలు

పాప పుట్టిన నాలుగో రోజున మొదలుపెట్టాం. ఇప్పుడు దానికి పద్నాలుగో నెల. ఈలోపు రెండు రకాల సీసాలు వాడాం. మొదటిది డ్రాపర్‌తో వచ్చేది, ఒక ఎంఎల్‌కి 400 ఐయూ (విటమిన్ మోతాదు కొలిచే యూనిట్). రెండోది వంచితే చుక్క రాలేది, ఒక్క చుక్కలోనే 400 ఐయూ. రెండింట్లోనూ ఉన్నది డి3 అనే రకం విటమిన్ డి, డాక్టర్ చెప్పిన మోతాదూ ఒకటే: రోజుకు 400 ఐయూ, అంటే 10 మైక్రోగ్రాములు. కాకపోతే ఒకటి పలచన, ఇంకోటి బాగా చిక్కన. మా ఇంట్లో టెన్షన్ అంతా అక్కడే వచ్చింది.

మొదట్లో నాకూ అనుమానమే. తల్లిపాలలో అన్నీ ఉంటాయంటారు కదా, మళ్లీ ఇవెందుకని డాక్టర్‌ని అడిగాను. లీటరు తల్లిపాలలో మామూలుగా 80 ఐయూ కూడా ఉండదట. పాప రోజంతా తాగేది లీటరు కూడా కాదాయె. మిగతాది ఎండ నుంచి రావాలి, కానీ ఆరు నెలల్లోపు పిల్లల్ని నేరుగా ఎండలో ఉంచొద్దంటారు. నేను వేసుకునే మాత్రలో విటమిన్ డి ఉందిగా అంటే, అది మీ వరకే, పాలలోకి దిగేది చాలా తక్కువ అన్నారు. తల్లే రోజుకు 6400 ఐయూ వేసుకుంటే పాల ద్వారానే బిడ్డకు సరిపడా అందుతుందని 2015లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. ఏడ్చే పాప నోరు తెరిపించే పని తప్పుతుందని ఆశపడ్డాను. అంత డోసు సొంతంగా వేసుకునేది కాదు, పాపకే వేయండి అన్నారు డాక్టర్.

డ్రాపర్ సీసా ఐదు నెలలు వాడాం. ఒక ఎంఎల్ అంటే వినడానికి తక్కువే, చంటిపిల్ల నోటికి మాత్రం ఎక్కువ. గొంతులోకి వదిలితే పొలమారేది, నాలుక మీద వేస్తే సగం గడ్డం మీదికి. బుగ్గ లోపలి వైపు కొద్దికొద్దిగా వదలడం అలవాటయ్యాకే సరిగ్గా మింగింది. పాలు పట్టాక వేస్తే పాలతో పాటు కక్కేసేది, అందుకని పాలకు ముందే వేసేదాన్ని. అసలు లోపం ఇంకోటి. రోజూ వేడినీళ్లతో కడిగేసరికి రెండో నెలకే డ్రాపర్ మీది గీతలు చెరిగిపోయాయి. మిగిలింది పై గీత ఒక్కటే.

ఆరో నెలలో ఒక్క చుక్క సీసాకి మారాం. పొలమారడం, కక్కడం రెండూ పోయాయి. నా చనుమొన మీద ఒక చుక్క వేసి పాలు పట్టడమే. కానీ అది నూనె మందు, సీసా తలకిందులుగా పట్టుకుని కూర్చోవాలి. చుక్క అంచున వేలాడుతూ ఎంతకీ పడదు. విసుగొచ్చి సీసా దులిపితే రెండు పడతాయి. ఒకసారి అలాగే రెండు పడితే వెంటనే ఫోన్ చేశాను. ఒక రోజుకి ఏమీ కాదు, రేపు మామూలుగా ఒక్క చుక్కే వేయండి అన్నారు. మర్చిపోయిన రోజుకీ అదే లెక్క, మర్నాడు రెండు వేయకూడదు.

కొత్త సీసా వచ్చిన వారానికే అసలు సంగతి జరిగింది. నేను స్నానానికి వెళ్తూ చుక్కలు వేయమని మా అత్తగారికి చెప్పాను. వచ్చేసరికి ఆమె చుక్క పడట్లేదని మూతి దగ్గరి బిరడా పీకేసి, పాత డ్రాపర్ పెట్టి మందు లాగుతున్నారు. ఆ డ్రాపర్‌ని శుభ్రంగా కడిగి దాచింది నేనే.

"అత్తయ్యా, ఎంత తీశారు?"

"ఎప్పుడూ వేసేదేగా, పై గీత దాకా."

ఒక ఎంఎల్ అంటే దాదాపు పాతిక చుక్కలు. అంటే పది వేల ఐయూ. ఆరు నెలల్లోపు పిల్లలకి రోజుకు వెయ్యి, ఏడాదిలోపు 1500 దాటకూడదని పరిమితి. అంతకంటే బాగా ఎక్కువ రోజూ పడుతూ పోతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది, వాంతులు, మలబద్ధకం, చివరికి కిడ్నీలకే ముప్పు. ఆమె తప్పేం లేదు, సీసా మారిందని చెప్పాను గానీ కొలత మారిందని చెప్పలేదు. 400 ఐయూ కంటే ఎక్కువ పట్టే డ్రాపర్ల గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లోనే హెచ్చరించిందని తర్వాత చదివాను. మా ఒక్క ఇంటి కథే కాదన్నమాట.

నేను మళ్లీ ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టాక మధ్యాహ్నం డబ్బా పాలు పట్టాం. అందులోనూ డి కలుపుతారు, అయినా రోజుకు లీటరు దాకా తాగితేనే 400 అందుతుంది, కాబట్టి చుక్కలు ఆపలేదు.

గుణం కనిపించిందా అని అడుగుతారు. కంటికి ఏమీ కనిపించలేదు. పళ్లు త్వరగా రాలేదు, నిద్రా పెరగలేదు. ఎముకలు మెత్తబడి కాళ్లు వంకర తిరిగే రికెట్స్ రాకుండా వేసే మందు ఇది, రాకపోతే ఏం కనిపిస్తుంది?

ఇంకో పాపాయి పుడితే ఒక్క చుక్క సీసానే కొంటాను. దాని మీద మార్కర్‌తో "1 చుక్క" అని రాసి, ఇంట్లో ఉన్న డ్రాపర్లన్నీ ముందే చెత్తబుట్టలో పడేసి.