మైకు ముందా, ఓబీ వ్యానులోనా: ఏది మేలు?

ఆటంటే ప్రాణం, నోట్లో మాట చురుకు. ఇవి రెండూ ఉన్న తెలుగు పిల్లలకి ముందు కనిపించేది కామెంటరీ మైకే, మైదానం బయట నిలిపి ప్రసారాన్ని నడిపించే ఓబీ వ్యాను కాదు. 2018 డిసెంబరులో స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానల్ వచ్చింది. 2023 ఐపీఎల్‌ను జియో సినిమా 12 భాషల్లో ఇస్తే అందులో తెలుగూ ఉంది. మా చిన్నప్పుడు ఇలాంటి కొలువు ఒకటుంటుందని ఊహించనేలేదు.

కాకపోతే కామెంటరీ బాక్సులో కుర్చీలు రెండు రకాలు. విశ్లేషకుడి కుర్చీలో వెంకటపతి రాజు, ఎమ్మెస్కే ప్రసాద్, వేణుగోపాలరావు లాంటివాళ్లు కూర్చుంటారు. దేశానికి ఆడి సంపాదించుకున్న చోటది, దానిమీద మనం ఆశ పెట్టుకోకూడదు. మనకి మిగిలేది బంతిబంతికీ ఆట నడిపించే కుర్చీ. హైదరాబాద్ నుంచి వచ్చిన హర్షా భోగ్లే 19 ఏళ్లకే ఆకాశవాణిలో మొదలుపెట్టి, ఒక్క టెస్టు ఆడకుండానే క్రికెట్ లోకమంతా గుర్తుపట్టే గొంతయ్యాడు. రేడియోలో నేర్చుకున్నవాళ్లకి ఓ బలముంటుంది. బంతి ఎటు వెళ్లింది, ఎవరు పరిగెడుతున్నారు, స్కోరెంత అన్నవి నువ్వు చెబితేనే వినేవాళ్లకి ఆట. టీవీలో పద్ధతి తిరగబడుతుంది. తెరమీద కనిపిస్తున్నదే మళ్లీ చెబితే విసుగు. రేడియోలో నోరు తిరిగాక టీవీకి తగ్గట్టు మాట తగ్గించుకోవచ్చు, టీవీతో మొదలుపెట్టి రేడియోకి పెంచుకోవడమే కష్టం.

మైకుతో చిక్కల్లా తిండి దగ్గరే. పని చాలావరకు రోజు లెక్కన. ఐపీఎల్ రెండు నెలలు, ఆ తర్వాత ఫోను మోగేదాకా ఎదురుచూపే.

ఓబీ వ్యాను సంగతి వేరు. ప్రపంచకప్ మ్యాచ్‌కి 30కి పైగా కెమెరాలుంటాయి. వాటి దృశ్యాల్లోంచి బ్యాటు అంచు తగిలిన ఫ్రేమును క్షణాల్లో వెతికి తీసే రీప్లే ఆపరేటరు, గణాంకాలు తెరకెక్కించే గ్రాఫిక్స్ మనిషి, చిన్నచిన్న పనులతో మొదలుపెట్టే ప్రొడక్షన్ అసిస్టెంటు, వీళ్లకి ఈ వారం క్రికెట్, వచ్చేవారం బ్యాడ్మింటన్, ఆపైన ఫుట్‌బాల్. భాష అడ్డురాదు. పేరు రాదు, నిద్ర ఉండదు, ఇంటి పండగలకి ఉండలేవు. అయినా చేతిలో పని ఉంటుంది. లెక్కలు బాగా వచ్చినవాళ్లు రాష్ట్ర క్రికెట్ సంఘం పెట్టే స్కోరర్ల పరీక్ష రాసినా ఈ లోకానికి దారి దొరుకుతుంది.

నన్నడిగితే పాతికేళ్లలోపు వాళ్లు ముందు వ్యాను ఎక్కాలి. మైకును సెలవు రోజుల్లో సాన పెట్టుకోవాలి, అదీ క్రికెట్‌తో కాదు, కబడ్డీతో. క్రికెట్ మైకు కోసం మాజీ ఆటగాళ్లే బారులు తీరి ఉన్నారు. కబడ్డీ మన ఊళ్ల ఆట, కూత, పట్టు అన్న మాటలు పుట్టుకతోనే మనవి. సంక్రాంతి పోటీలకి వెళ్లి ఒక్క అర్ధభాగం, 20 నిమిషాలు, ఫోన్‌లో రికార్డు చేసుకుంటూ మాట్లాడు. కూతకి 30 సెకన్లే. ఇంటికొచ్చి వింటూ ఎన్ని కూతల్లో ఆటగాడి పేరు చెప్పడం మరిచావో, కోర్టులో ముగ్గురే మిగిలారని, ఇప్పుడు పట్టేస్తే సూపర్ ట్యాకిల్, అంటే అదనపు పాయింటు అని ఎన్నిసార్లు ముందే హెచ్చరించావో లెక్కపెట్టు.