రొయ్యల చెరువు ప్లగిన్: వీఎస్ కోడా, ఈమాక్సా?

భీమవరం వైపు ఏరియేటర్లకు (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలకు) ప్రోగ్రాం రాసే కుర్రాళ్ల కోసం, వీఎస్ కోడ్, ఈమాక్స్ అనే రెండు కోడ్ ఎడిటర్ల మధ్య ఈ పోలిక. "ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే ఏరియేటర్ ఆన్" అనే నియమం కోడ్‌తో పాటు బొమ్మగానూ కనిపించాలి, స్లైడర్ జరిపితే కోడ్‌లో ఆ 4 మారాలి. ఈ పని చేసే ప్లగిన్, అంటే ఎడిటర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం, రెండిట్లో దేనికి రాయాలి?

2015లో వచ్చిన వీఎస్ కోడ్‌లో వెబ్‌వ్యూ, అంటే ఎడిటర్ లోపలే వెబ్‌పేజీ చూపించే కిటికీ, ఉంది. హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్ వస్తే చాలు, గ్రాఫూ స్లైడరూ గీసేయొచ్చు. 'కస్టమ్ ఎడిటర్' వాడితే ఫైలు తెరవగానే అక్షరాల బదులు బొమ్మే వస్తుంది. చిక్కల్లా, వెబ్‌వ్యూ ఒక చోట, ఎక్స్‌టెన్షన్ (ప్లగిన్‌కి ఇక్కడి పేరు) ఇంకో ప్రాసెస్‌లో, మధ్యలో మెసేజ్‌లే. స్లైడర్ కోడ్‌ని మారుస్తుంది, కోడ్ స్లైడర్‌ని జరుపుతుంది, అది మళ్లీ కోడ్‌ని మారుస్తుంది... ఈ గానుగ ఆపడమే అసలు టెన్షన్.

ఈమాక్స్‌లో ఆ గోడ లేదు. ఈమాక్స్ వాడే లిస్ప్ భాషలో ఒక ఫంక్షన్ మార్చి అక్కడికక్కడే రన్ చేస్తే ఎడిటరే మారిపోతుంది, రీస్టార్ట్ అక్కర్లేదు. కోడ్ వరుస మధ్యలో, ఆ 4 పక్కనే ఎస్‌వీజీ బొమ్మ పెట్టొచ్చు. మౌస్‌తో లాగే పనులు మాత్రం మనమే రాసుకోవాలి.

నన్నడిగితే వీఎస్ కోడే. ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామున. ఆ వేళ గట్టు మీదున్న సూపర్‌వైజర్‌కి ఈమాక్స్ షార్ట్‌కట్లు ఎవరు నేర్పుతారండీ?