క్వారంటైన్ ఊరి బడిలోనా, ఇంట్లోనా? ఏది మేలు?

2020 మేలో సూరత్ నుంచి వలస కార్మికుల రైళ్లు బరంపురం పక్కన జగన్నాథ్‌పూర్‌లో ఆగడం మొదలైనప్పుడు ఒడిశాలోని మా గంజాం జిల్లా తెలుగువాళ్లలో మొదలైన వాదన ఇది, ఇంకా తెగలేదు. ఇంకో మహమ్మారి రాకముందే తేల్చుకుంటే మంచిది.

అసలు రానివ్వకూడదన్నవాళ్లూ ఉన్నారు. పరీక్షలో నెగెటివ్ వస్తేనే రానివ్వాలని ఒడిశా హైకోర్టు మే 7న చెప్పింది, మర్నాడే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. సొంత ఊరికి వచ్చేవాణ్ని ఆపడం నా దృష్టిలో అన్యాయం, దాని గురించి ఇంక మాట్లాడను.

బడి వైపు మాత్రం గట్టి కారణమే ఉంది. గోపాలపూర్ వైపు మన జాలరి పేటల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి, ఉన్న ఒక్క గదిలోనే వంట, ముసలి తల్లి, చంటిపిల్ల. కరోనా సోకాక లక్షణాలు తేలడానికి సుమారు ఐదు రోజులు, ఒక్కోసారి పద్నాలుగు పడుతుంది, ఈలోపే పక్కవాళ్లకు అంటుకోవచ్చు. అలాంటి ఇంట్లో విడిగా ఉండమంటే ఆ ముసలామెను గాలికి వదిలేసినట్టే.

కానీ బడిలో పడకల మధ్య మూరెడు జాగా, అందరికీ కలిపి రెండు మరుగుదొడ్లు, రాత్రిపూట లైటు లేని పెరట్లోకి ఆడవాళ్లు ఒకరినొకరు తోడు పిలుచుకుని వెళ్లడం అయితే, జబ్బు లేనివాడికి మనమే తెచ్చి అంటించినట్టవుతుంది. బలవంతం చేస్తే జనం దాక్కుంటారు కూడా. కరోనాకు మన ప్రభుత్వాలు వాడిన 1897 అంటువ్యాధుల చట్టం బొంబాయి ప్లేగు కోసం తెచ్చిందే, అప్పుడు పుణేలో సైనికులు ఇళ్లల్లోకి జొరబడి సోదాలు చేస్తుంటే జనం రోగుల్ని దాచిపెట్టారు.

ఆ ఏడాది ఒడిశాలో సర్పంచులకు కలెక్టర్ అధికారాలిచ్చారు. ఎవరింట్లో విడి గది ఉందో సర్పంచికే బాగా తెలుసు, నిజమే, కానీ పాత కక్షలున్నదీ ఆయనకే.

అందుకే నా ఓటు ఇలా: విడి గది, మరుగుదొడ్డి ఉన్నవాళ్లు ఇంట్లోనే ఉండాలి, ఆశా కార్యకర్త రోజూ వచ్చి చూడాలి. లేనివాళ్లకు బడి, అదీ పట్టినంతమందికే. సర్పంచి నిర్ణయం నచ్చకపోతే చెప్పుకోవడానికి ఊరి బయట ఒక అధికారి ఉండాలి. క్వారంటైన్ పూర్తి చేసినవాళ్లకు ఒడిశా ఇస్తామన్న 2000 రూపాయలు దానం కాదు, ఊరి కోసం కూలి వదులుకున్న మనిషికి మనం పడ్డ బాకీ. దాన్ని చివరి రోజు దాకా ఆపకుండా చేరిన రోజే ఇంటివాళ్ల చేతికివ్వాలి, ఎందుకంటే ఆ క్వారంటైన్ రోజులన్నీ వాళ్లు బియ్యం కొనుక్కోవాలి.